వంటింటి కప్‌బోర్డు తలుపులు: పైన కొత్త షీటు వేయించాలా, తలుపే మార్చాలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో మాది వడ్రంగుల ఇల్లు. నాన్న చేతి కింద పని నేర్చుకుని, ఇప్పుడు నేను ఎక్కువగా వంటిళ్ళ పనే చేస్తున్నాను. అనంతపురం, కడప వైపు పిలిచినా వెళ్తుంటాం. ఏ ఇంటికి వెళ్ళినా మొదట వినపడే మాట ఒకటే: "అన్నా, తలుపులు పాడైపోయినాయి. పైన సన్‌మైకా మారిస్తే సరిపోతుందా, అన్నీ పీకేయాల్నా?" ఫోనులో పదే పదే చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. చదివాక మీ వంటింట్లోకి వెళ్ళి, ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు పట్టుకుని కింద కూర్చోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అసలు ఎన్ని దారులున్నాయి?

మూడు. మొదటిది, ఉన్న తలుపునే ఉంచి దాని మీద షీటు (సన్‌మైకా) మార్చడం, లేదా పాలిష్, పెయింటు కొట్టించడం. రెండోది, లోపలి అరలు అలాగే ఉంచి తలుపులు మాత్రం కొత్తవి చేయించడం. మూడోది, అరలతో సహా అంతా తీసేసి కొత్తగా కట్టుకోవడం. చాలామంది మొదటిదీ మూడోదీ మాత్రమే ఆలోచిస్తారు. మా వైపు ఇళ్ళకు ఎక్కువసార్లు కుదిరేది రెండోది. ఎందుకో కింద చెప్తాను.

మా ఇంటికి ఏది సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

తలుపు తెరిచి వెనక ఏముందో చూడండి. నిర్ణయం అక్కడుంది.

మన దగ్గర వంటిళ్ళు రెండు రకాలు. మొదటి రకం కడప బండతో కట్టినవి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చే ఆ నల్ల బండనే నిలువుగా నిలబెట్టి, మధ్యలో అడ్డంగా అరలు పెట్టి, పైన గట్టు వేస్తారు. ముందు వైపు చెక్క ఫ్రేము బిగించి తలుపులు వేలాడదీస్తారు. పాతికేళ్ళ కిందటి ఇల్లయితే మీది దాదాపు ఇదే. ఈ బండ నీళ్ళకు ఉబ్బదు, చెదలు తినవు, పప్పు డబ్బాలు ఎన్ని పేర్చినా వంగదు. ఇలాంటి వంటిల్లు ఉన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పే మాట: బండను కదిలించవద్దు. ఫ్రేము, తలుపు, హింజెస్ (తలుపు బందులు) మార్చుకుంటే చాలు. బండ తీసేసి అక్కడ బోర్డు పెట్టెలు పెట్టించుకుంటే, చెడిపోని వస్తువు ఇచ్చేసి చెడిపోయే వస్తువును డబ్బు పెట్టి కొన్నట్టు అవుతుంది.

రెండో రకం మాడ్యులర్. పెట్టెలన్నీ బోర్డువి. అందులో కూడా ప్లైవుడ్డా, ఎండీఎఫ్‌ఆ, పార్టికల్ బోర్డా అన్నది చూడాలి. హింజె విప్పి, ఆ రంధ్రంలోకి టార్చి కొడితే తెలిసిపోతుంది. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. పిండి గట్టిగా నొక్కినట్టు నున్నగా ఉంటే ఎండీఎఫ్. చిన్న చిన్న చెక్క ముక్కలు, రంపపు పొట్టు అతికించినట్టు ఉంటే పార్టికల్ బోర్డు.

పార్టికల్ బోర్డు పెట్టెలకు కొత్త తలుపులు పెట్టించుకోవచ్చా?

పెట్టె పొడిగా, గట్టిగా ఉంటే పెట్టుకోవచ్చు. ముందు సింకు కింద పెట్టె చూడండి. అక్కడ అడుగు బోర్డు అంచును గోటితో గీరండి. మొన్న ఒక ఇంట్లో అలా గీరితే, గోరు అర అంగుళం లోపలికి దిగిపోయింది. తడిసిన పిట్టులాగా పొడి చేతిలోకి వచ్చింది. పైన సన్‌మైకా మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఆ ఇంటివాళ్ళు అప్పటికే తలుపులకు ఖరీదైన ఆక్రిలిక్ షీట్లు ఎంచుకుని ఉన్నారు. నేను వద్దన్నాను. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండబెట్టినా మళ్ళీ గట్టిపడదు. దానిలో స్క్రూ నిలవదు. ఆ పెట్టెకు బరువైన కొత్త తలుపు వేలాడదీస్తే ఆరు నెలల్లో హింజెతో సహా ఊడి వస్తుంది.

అంటే అన్ని పెట్టెలూ మార్చాలని కాదు. సాధారణంగా పాడయ్యేది సింకు కింది పెట్టె, దాని పక్కది. ఆ రెండూ నీళ్ళు తట్టుకునే ప్లైవుడ్‌తో కొత్తగా చేయించి, మిగతావి ఉంచుకోవచ్చు. సింకు పైపు లీకు మాత్రం ముందే బాగు చేయించండి. లీకు అలాగే ఉంచి పెట్టె మార్చినవాళ్ళు మళ్ళీ రెండేళ్ళకే ఫోను చేశారు.

పాత తలుపు షీటు వేయడానికి పనికొస్తుందో లేదో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. తలుపు విప్పి నేల టైల్స్ మీద పడుకోబెట్టండి. నాలుగు మూలలూ నేలను తాకాలి. ఒక మూల కింద రూపాయి బిళ్ళ దూరుతోందంటే ఆ తలుపు మెలి తిరిగింది. షీటు అతికించినంత మాత్రాన మెలి పోదు. తర్వాత వేలి కణుపుతో అంతటా తట్టండి. గట్టి శబ్దం మధ్యలో ఎక్కడైనా డొల్లగా మోగితే, లోపల పొరలు విడిపోయాయనో, చెదలు తిన్నాయనో అర్థం. చివరిగా హింజె స్క్రూలు. స్క్రూడ్రైవరుతో బిగిస్తుంటే తిరుగుతూనే ఉందంటే చెక్కలో పట్టు పోయింది. ఒకటీ రెండూ అయితే రంధ్రం పెద్దది చేసి, గట్టి చెక్క మేకు జిగురుతో దిగ్గొట్టి, ఆరాక మళ్ళీ స్క్రూ వేస్తాం. అన్నీ అలాగే ఉంటే ఆ తలుపుకు సెలవు ఇచ్చేయాలి.

పాత సన్‌మైకా మీదే కొత్తది అతికిస్తామంటున్నారు. మంచిదేనా?

నేను చేయను. పాత షీటు నున్నటి మెరుపు మీద, పైగా పోపుల నూనె ఏళ్ళ తరబడి పట్టిన చోట, జిగురు సరిగా పట్టదు. అంచుల దగ్గర మొదలై పొర లేస్తుంది. పాతదాన్ని వేడి చేసి పీకేయాలి. పీకడం కుదరనంత గట్టిగా ఉంటే, బట్టల సోడా కలిపిన నీళ్ళతో జిడ్డు పోయేలా కడిగి, ఆరబెట్టి, మెరుపంతా పోయేదాకా గరుకు ఎమరీ కాగితంతో రుద్దాలి. ఆ పని చేయకుండా "పైన వేసేస్తాం, ఒక్క రోజు పని" అంటే ఒప్పుకోకండి.

ఇంకొక చిక్కు ఉంది. దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. షీటు మందం 1 మి.మీ. తలుపు నాలుగు అంచులకూ షీటు చుడితే తలుపు వెడల్పు 2 మి.మీ. పెరుగుతుంది, ఎత్తూ అంతే. పక్కపక్కన ఉన్న జంట తలుపులు రెండూ పెరిగితే మధ్యలో ఒకదానికొకటి రాసుకుంటాయి, ఫ్రేములో ఇరుక్కుంటాయి. అందుకే అతికించే ముందు అంచులు చిత్రిక పట్టి తగ్గించుకోవాలి. మీ మేస్త్రిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "అంచులు ఎంత తగ్గిస్తారు?" ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటే పని తెలిసినవాడే.

తలుపు లోపలి వైపు కూడా షీటు అవసరమా? కనిపించదు కదా?

అవసరం. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. పని మొదలుపెట్టిన కొత్తలో, ఖర్చు తగ్గించమని ఒక ఇంటివాళ్ళు అడిగితే బయట వైపు మాత్రమే షీటు వేసి, లోపల పెయింటు కొట్టి ఇచ్చాను. పని అయ్యింది మే నెలలో. అప్పుడు అన్ని తలుపులూ సూటిగా ఉన్నాయి. ఆగస్టు చివర్లో వాళ్ళు పిలిస్తే వెళ్ళి చూశాను. పొడుగు తలుపులు రెండూ విల్లులా వంగి, మధ్యలో వేలు దూరేంత సందు వచ్చింది. షీటు వేసిన వైపు తేమ పీల్చదు, వేయని వైపు పీల్చుకుని సాగుతుంది. మన దగ్గర వేసవి ఎండు గాలికీ వానాకాలం తేమకూ తేడా ఎక్కువ కాబట్టి ఆ వంపు ఇంకా తొందరగా వస్తుంది. ఆ రెండు తలుపులూ నా డబ్బుతో మళ్ళీ చేసిచ్చాను. అప్పటినుంచి లోపలి వైపు పల్చటి లైనర్ షీటైనా వేయకుండా ఏ తలుపూ ఇవ్వలేదు.

ఖర్చు పరంగా షీటు మార్చడమే చవక కదా?

అందరూ అనుకునేంత తేడా ఉండదు. లెక్క వేసి చూద్దాం.

పదడుగుల గట్టు కింద, రెండున్నర అడుగుల ఎత్తు తలుపులు: 25 చదరపు అడుగులు. పైన పదడుగుల పొడవున రెండడుగుల ఎత్తు కప్‌బోర్డులు: 20. మొత్తం 45 చదరపు అడుగులు. ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి 32 చదరపు అడుగులు. కోతలో పోయేది కలిపితే బయటికి రెండు సన్‌మైకా షీట్లు, లోపలికి రెండు లైనర్లు పడతాయి. పాత తలుపుకు వేసినా కొత్త తలుపుకు వేసినా ఇవి ఇంతే. కొత్త తలుపులకు అదనంగా అయ్యేది రెండు ప్లైవుడ్ షీట్లు, హింజెస్. కూలి మాత్రం దాదాపు సమానం. పాత షీటు పీకడం, జిగురు గీకడం, రంధ్రాలు పూడ్చడం కొత్త తలుపు కోయడం కంటే ఎక్కువసేపు పట్టే పనులు.

కాబట్టి పాత తలుపు లోపలి చెక్క నిజంగా మంచిదైతేనే షీటు మార్చడంలో లాభం. "ఏదో పర్వాలేదు" అన్నట్టున్న తలుపుకు రెండు వేల రూపాయల షీటు, మూడు రోజుల కూలి పెట్టడం నాకు మనసొప్పదు.

కొటేషన్ తీసుకునేటప్పుడు చదరపు అడుగుకు ఇంత అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ప్లైవుడ్ ఏ గ్రేడు, ఎన్ని మి.మీ., లోపల లైనర్ ఉందా, హింజెస్, హ్యాండిల్స్ కలిపా వేరా, పాతవి విప్పి తీసుకెళ్ళే ఖర్చు ఎవరిది? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

మావి టేకు తలుపులు. నల్లబడిపోయాయి. తీసేయమంటారా?

వద్దు, దయచేసి తీయకండి. పాత టేకు ఇప్పుడు ఆ నాణ్యతలో కొనాలంటే చాలా ఖర్చు. పైనున్న నలుపు చాలావరకు నూనె పొగ, పాత వార్నిష్. దాన్ని గీకి, రుద్ది, పాలిష్ చేస్తే కింద నుంచి బంగారు రంగు గీతలు బయటికి వస్తాయి.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, నీళ్ళు తీశాక ఇంటింటికీ తిరిగి తలుపులు విప్పే పని మాకు పడింది. బురద అంటని వస్తువు లేదు. పార్టికల్ బోర్డు కప్‌బోర్డులు చేత్తో పట్టుకుంటే విడిపోయాయి. వాటిని పారలతో ఎత్తిపోశాం. కడప బండ అరలను చీపురుతో, నీళ్ళతో కడిగితే మర్నాటికి సామాన్లు సర్దుకున్నారు. టేకు తలుపులను నాన్న ఎండలో పెట్టనివ్వలేదు. నీడలో, గాలి ఆడేలా మధ్య మధ్య పుల్లలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్పించాడు. నెల రోజులకు అవి మళ్ళీ ఫ్రేముల్లో కూర్చున్నాయి. వాటిలో కొన్ని ఈ రోజుకీ వాడకంలో ఉన్నాయి.

ఒక జాగ్రత్త. పాత తలుపుకు రంగు పెయింటు ఉంటే దాన్ని పొడిగా రుద్దవద్దు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పెయింటులో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము పసిపిల్లలకు చాలా చెడ్డది. నీళ్ళు తడుపుతూ రుద్దించండి. గర్భిణులను, పిల్లలను ఆ రెండు రోజులూ వేరే ఇంట్లో ఉంచండి.

బండకు చెదలు పట్టవు కదా, మా ఫ్రేముకు ఎలా పట్టాయి?

చెదలు బండను తినవు కానీ బండ మీదుగా నడుస్తాయి. గోడకూ బండకూ మధ్య సందులో సన్నటి మట్టి గీత కనపడుతుంది చూడండి, అదే వాటి దారి. గీతను తుడిచేసి ఊరుకుంటే మళ్ళీ కట్టుకుంటాయి. చెదలు కనపడిన ఇంట్లో ముందు మందు కొట్టించాలి. గోడ మొదట్లో రంధ్రాలు వేసి మందు ఎక్కించి, ఆ తర్వాతే కొత్త చెక్క తేవాలి. మందు కొట్టించకుండా చేసిన పనికి నేను గ్యారంటీ ఇవ్వను.

కడప బండకు రంధ్రం వేస్తే పగులుతుందా?

అంచుకు దగ్గరగా హ్యామర్ డ్రిల్లింగ్ చేస్తే పగులుతుంది. ఇది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. హ్యామర్ ఆపేసి, ముందు సన్న బిట్‌తో, తర్వాత కావలసిన సైజు బిట్‌తో నెమ్మదిగా వేయాలి. హింజె నేరుగా బండకు బిగించం. బండకు చెక్క ఫ్రేము, ఫ్రేముకు హింజె.

అలాగే, బండ శుభ్రం చేయడానికి బాత్రూం యాసిడ్ వాడకండి. సున్నపురాయి కాబట్టి యాసిడ్ పడిన చోట బుసబుస పొంగి తెల్ల మచ్చ మిగులుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడవడం మంచిది.

కొత్త తలుపులకు ఏ బోర్డు తీసుకోవాలి?

కింది తలుపులకు ఐఎస్ 710 (నీళ్ళు తట్టుకునే ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, 18 లేదా 19 మి.మీ. ఈ గ్రేడు ప్లైవుడ్‌ను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి జిగురు విడిపోతుందా లేదా అని పరీక్షిస్తారు. ముద్ర షీటు మీదే ఉంటుంది. బిల్లు మీద రాసింది చూసి నమ్మకండి, షీటు దింపేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. నీళ్ళు తగలని పై కప్‌బోర్డులకు మామూలు గ్రేడు చాలు, అక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు.

పీవీసీ బోర్డు నీళ్ళకు, చెదలకు భయపడదు. సింకు కింద మంచిదే. కానీ స్క్రూ పట్టు ప్లైవుడ్ అంత ఉండదు, వేడికి మెత్తబడుతుంది. పొయ్యి పక్కన వద్దు.

మెరుపు షీటా, మ్యాటా? ఏ రంగు?

అనంతపురం వైపు చాలా ఇళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చుక్క పడి ఆరితే తెల్ల మరక. ముదురు రంగు మెరుపు షీటు మీద ప్రతి చుక్కా లెక్కపెట్టవచ్చు. అలాంటి ఇంటికి లేత రంగు మ్యాట్ చెప్తాను. పొయ్యి పక్కన మెంబ్రేన్ తలుపులు, అంటే ఎండీఎఫ్ మీద వేడితో పీవీసీ పొర అతికించినవి, వద్దు. రోజూ సెగ తగిలి మూలల్లో పొర విడుస్తుంది. ఉగ్గానికి బజ్జీలు, పండక్కి ఓళిగలు చేసే వంటింట్లో సెగ తక్కువేం ఉండదు.

సిలిండరు పెట్టే అరకు కూడా తలుపు వేయించవచ్చా?

వేయించవచ్చు, కానీ కింది భాగంలో గాలి ఆడే జాలీ తప్పనిసరి. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. అందం కోసం నాలుగు వైపులా మూసేయించమని అడుగుతుంటారు. ఎంత అడిగినా నేను అది చేయను. కొత్త ఫ్రేము బిగించే ముందు నిండు సిలిండరు లోపలికి పెట్టి, బయటికి తీసి చూపించమనండి. ఫ్రేము మందం కలిశాక సిలిండరు పట్టక ఇబ్బంది పడిన ఇళ్ళు చూశాను.

గ్రానైట్ గట్టు కూడా మార్చాలనుకుంటున్నాం. ఎప్పుడు చేయాలి?

గట్టు ముందు, తలుపులు తర్వాత. తలుపుల కోసం మాత్రం గట్టు లేపకండి. సింకు కోసం కోసిన చోట గ్రానైట్ సన్నగా ఉంటుంది, లేపితే అక్కడే విరుగుతుంది.

ఏ నెలలో పెట్టుకుంటే మంచిది?

ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి మేస్త్రులు తీరిగ్గా దొరుకుతారు. శ్రావణం వస్తే మా ఫోను కూడా మీకు దొరకదు. తలుపులు కొత్తవైతే కొలతలు తీసుకుని షెడ్డులోనే చేసుకొస్తాం. ఇంట్లో బిగింపు రెండు రోజులు. పాతవాటికే షీటు వేయాలంటే తలుపులు విప్పుకెళ్తాం, అంతవరకు అరలు తెరిచి ఉంటాయి. ఇంట్లో పాకే పిల్లలుంటే మందులు, కత్తులు పైకి సర్దుకోండి.

అద్దె ఇల్లు. ఏం చేయాలి?

హ్యాండిల్స్, హింజెస్ మార్చి, జిడ్డు కడిగించండి. అతుక్కునే ప్లాస్టిక్ కాగితం పొయ్యి పక్కన నిలవదు. మిగతాది ఇంటి ఓనరుతో మాట్లాడాక.

పాత తలుపులు ఏం చేయాలి?

టేకు అయితే మీ మేస్త్రికి ఊరికే ఇచ్చేయకండి. ఒక పలకతో జొన్నరొట్టె కొట్టుకునే పీట, ఇంకొకదానితో దేవుడి గూటికి చిన్న తలుపు వస్తాయి. ప్లైవుడ్ అయితే సజ్జ మీద అరలకు పనికొస్తుంది. సన్‌మైకా వేసినవి, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ మాత్రం నీళ్ళ పొయ్యిలో పెట్టకండి. వాటిలో ఉన్న జిగురు కాలితే వచ్చే పొగ కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మున్సిపాలిటీ చెత్తబండి వాళ్ళకు ముందే చెప్పి, ముక్కలు చేసి కట్టగట్టి ఇవ్వండి.